గోడమీదే తయారయ్యే పదార్థం: కెనడా గృహనిర్మాణంలో స్ప్రే ఫోమ్ చరిత్ర

వ్యాససంగ్రహం:
చలిదేశాలలో కొత్తగా కట్టే భవనాల గోడలకు, పైకప్పులకు పిచికారీ చేసే పాలీయురెథేన్ నురుగు (స్ప్రే ఫోమ్) గురించిన రచనలు ఎక్కువగా దాని ఉష్ణనిరోధక శక్తినే చర్చిస్తాయి. ఈ వ్యాసం ఆ పదార్థపు మరొక లక్షణాన్ని పరిశీలిస్తుంది. తక్కిన ఉష్ణబంధకాలు కర్మాగారంలో తయారై ఇంటికి వస్తాయి. స్ప్రే ఫోమ్ ఇంటి గోడమీదే తయారవుతుంది. ఈ ఒక్క తేడావల్ల తలెత్తిన సమస్యలనూ, వాటికి కెనడా సమాజం, ప్రభుత్వం, న్యాయస్థానాలు, ప్రమాణాల సంస్థలు స్పందించిన తీరునూ చారిత్రక క్రమంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉష్ణబంధకం, స్ప్రే ఫోమ్, పాలీయురెథేన్, యూరియా ఫార్మాల్డిహైడ్, గాలి నిరోధక పొర, కెనడా, గృహనిర్మాణ చరిత్ర.

ఉపోద్ఘాతం:
కెనడాలోని రెజీనా, సాస్కటూన్, ఎడ్మంటన్ వంటి నగరాలలో శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోవడం అరుదేమీ కాదు. ఇంటి లోపల 21 డిగ్రీలు ఉంచాలంటే గోడకు ఇటూ అటూ 50 డిగ్రీలకు పైబడిన తేడాను ఆ గోడే భరించాలి. మన తెలుగునేల మీద ఇల్లు కట్టేవారికి ఎండా వానా గాలీ తెలుసు గానీ ఈ తేడా అనుభవంలో లేదు. కెనడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇల్లు కొనేటప్పుడు మొదట ఎదురయ్యే అపరిచిత పదజాలం కూడా గోడ లోపలి ఈ పొరలదే.

స్ప్రే ఫోమ్ పనిచేసే తీరు క్లుప్తంగా ఇది. రెండు పీపాలలో రెండు ద్రవాలు ఉంటాయి. ఒకటి ఐసోసయనేట్, రెండవది పాలియాల్, ఉత్ప్రేరకాలు, మంటను అణచే రసాయనాలు, ఉబ్బించే వాయువు కలిసిన మిశ్రమం. వేడిచేసిన గొట్టాల గుండా వచ్చి ఈ రెండూ తుపాకి కొసలో సమానమైన ఘనపరిమాణాలలో కలుస్తాయి. గోడను తాకిన క్షణాలలోనే మిశ్రమం పొంగి, అతుక్కుని, గట్టిపడుతుంది. ఘనమీటరుకు సుమారు 32 కిలోల బరువుండే రకంలో బుడగలు మూసుకుని ఉంటాయి. 8 కిలోల చుట్టూ ఉండే తేలిక రకంలో బుడగలు తెరుచుకుని, స్పాంజిలా ఉంటుంది. మొదటి రకం అంగుళం మందానికి గాజునూలు కంటే దాదాపు రెండింతలు ఉష్ణాన్ని నిరోధిస్తుంది. ఇది బాగా ప్రచారమైన విషయం. అయితే ఈ పదార్థానికి చలిదేశాలలో చోటు దొరకడానికి ఉష్ణం ఒక్కటే కారణం కాదు. అసలు కథ నీటితో మొదలవుతుంది.

గోడలో చేరే నీరు:
వేసవిలో చల్లటి నీళ్ళు పోసిన చెంబు పైభాగాన నీటి బిందువులు కట్టడం అందరూ చూసిందే. చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి చల్లటి లోహాన్ని తాకి నీరవుతుంది. చలిదేశపు ఇంట్లో ఇదే క్రియ తిరగబడి, కంటికి కనబడని చోట జరుగుతుంది. వంట, స్నానం, మనుషుల ఊపిరి కలిసి ఇంటిలోపలి గాలిని తేమగా ఉంచుతాయి. 21 డిగ్రీల వద్ద 35 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలికి తుషార స్థానం సుమారు 5 డిగ్రీలు. ఆ గాలి గోడలోకి చొరబడితే, వెలుపలి చెక్కను చేరకముందే అంతకంటే చల్లని చోటు తగులుతుంది. ఆవిరి అక్కడ నీరై, మంచై పేరుకుంటుంది. వసంతంలో కరిగి చెక్కను కుళ్ళబెడుతుంది.

ఇందులో ఒక వైపరీత్యం ఉంది. ఉష్ణబంధకం లేని పాత ఇళ్ళకు ఈ బాధ తక్కువ. ఇంటివేడి గోడ గుండా కారిపోతూ వెలుపలి చెక్కను ఆరబెట్టేది. ఉష్ణబంధకం పెట్టగానే వేడి లోపల నిలిచింది, వెలుపలి చెక్క చల్లబడింది, తేమ పట్టింది. 1930లలో అమెరికాలో కొత్తగా ఉష్ణబంధకం పెట్టిన ఇళ్ళకు వెలుపలి రంగు పొరలుగా ఊడిపోవడంతో ఈ సంగతి బయటపడింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ చేసిన పరిశోధనలు, 1938లో ఆర్కిటెక్చురల్ రికార్డ్ పత్రికలో టైలర్ స్టూవర్ట్ రోజర్స్ రాసిన వ్యాసం ఆవిరి గోడ గుండా వ్యాపనం చెందుతుందని చెప్పి, వెచ్చటి వైపున ఆవిరి నిరోధక పొర వేయమన్నాయి. ఆ పొర ఉత్తర అమెరికా నిర్మాణ నియమాలలో స్థిరపడింది.

అది సగం సత్యమేనని తేల్చినవారు కెనడా పరిశోధకులు. కెనడా జాతీయ పరిశోధన మండలి 1947లో రాబర్ట్ లెగెట్ సారథ్యంలో భవన పరిశోధన విభాగాన్ని నెలకొల్పింది. 1960 నుంచి ఆ విభాగం 'కెనేడియన్ బిల్డింగ్ డైజెస్ట్' పేరిట చిన్న చిన్న పత్రాలు వెలువరించింది. 1961లో ఎ.జి. విల్సన్ భవనాలలో గాలి చొరబాటు గురించి, 1965లో జి.కె. గార్డెన్ ఆ చొరబాటును అదుపుచేయవలసిన అవసరం గురించి రాసిన పత్రాలు ఈ చరిత్రలో మైలురాళ్ళు. గోడలోకి చేరే నీటిలో వ్యాపనం వల్ల వచ్చేది స్వల్పం. సందులగుండా గాలితోపాటు మోసుకురాబడేది అనేక రెట్లు ఎక్కువ. కాబట్టి ఆవిరిని ఆపే కాగితం కంటే గాలిని ఆపే నిరంతరాయమైన పొర ముఖ్యం. విద్యుత్ పెట్టె చుట్టూ ఉన్న వేలెడు సందు, చెక్కుచెదరని గోడ మొత్తం కంటే ఎక్కువ హాని చేయగలదన్నమాట.

మన శీతల గిడ్డంగులలో ఇదే సూత్రం తలకిందులుగా వర్తిస్తుంది. అక్కడ తేమ వెలుపలినుంచి లోపలికి వస్తుంది గనుక ఆవిరి నిరోధక పొరను వెలుపలి వైపున ఉంచుతారు. ఏ వైపున ఏది ఉండాలన్నది ఆ ఊరి వాతావరణం నిర్ణయించే విషయం. ఒక దేశపు గోడను మరొక దేశంలో యథాతథంగా కట్టరాదని నిర్మాణశాస్త్రం చెప్పేది ఇందుకే.

లెవర్‌కూజెన్ నుంచి నిర్మాణస్థలం దాకా:
పాలీయురెథేన్ పుట్టినిల్లు జర్మనీ. లెవర్‌కూజెన్‌లోని ఐ.జి. ఫార్బెన్ ప్రయోగశాలలో ఒట్టో బాయర్ బృందం 1937లో డై-ఐసోసయనేట్, పాలియాల్ కలయికతో కొత్త పాలిమర్‌ను సాధించి పేటెంటు పొందింది. దారాలకు, గట్టి ప్లాస్టిక్‌లకు పనికివస్తుందని వారి ఆశ. మిశ్రమంలో తేమ చేరితే కార్బన్ డయాక్సైడ్ వెలువడి లోపల బుడగలు పుట్టేవి. మొదట అది లోపంగానే కనిపించింది. ఆ లోపాన్నే లక్షణంగా మలచుకున్నప్పుడు నురుగు తయారైంది.

యుద్ధానంతరం, ముఖ్యంగా 1950లు, 60లలో, రెండు ద్రవాలను సరైన పాళ్ళలో కలిపి పిచికారీ చేసే యంత్రాలు అమెరికాలో రూపొందాయి. అదే కాలంలో ఉబ్బించే వాయువుగా సీఎఫ్‌సీ-11 వాడుకలోకి వచ్చింది. ఈ వాయువు ఉష్ణాన్ని గాలికంటే చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. మూసుకున్న బుడగలో అది చిక్కుకుని ఉండడమే ఆ నురుగు శక్తి. రిఫ్రిజిరేటర్ల తలుపులలో, చల్లటి గిడ్డంగులలో, చదునైన పైకప్పుల మీద అది మొదట స్థిరపడింది. నివాసగృహాల గోడలలోకి ఇంకా రాలేదు. ఆ ప్లాస్టిక్ మండుతుంది; మండినపుడు దట్టమైన విషపు పొగ వెలువడుతుంది. నురుగు ప్లాస్టిక్‌లు మంటకు లొంగవన్న భావన కలిగించేలా చిన్న పరీక్షల ఫలితాలను ప్రచారం చేశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1973లో ఆ పరిశ్రమపై ఫిర్యాదు నమోదు చేసింది. నురుగును ఇంటిలోపలికి బహిర్గతంగా వదలక జిప్సం పలక వంటి కవచంతో కప్పాలన్న నియమానికి నేపథ్యం ఇటువంటి అనుభవాలే.

యూరియా ఫార్మాల్డిహైడ్ ఉదంతం:
1973 చమురు సంక్షోభం కెనడా ఇంటి పొయ్యిని రాజకీయ విషయంగా మార్చింది. 1977లో ఫెడరల్ ప్రభుత్వం పాత ఇళ్ళకు ఉష్ణబంధకం పెట్టించుకునేవారికి ఆర్థిక సహాయం ప్రకటించింది. కట్టి ఉన్న గోడను విప్పకుండా లోపలి ఖాళీని నింపడం ఎలా? అందుకు దొరికిన సులువైన మార్గం యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగు. ఇది పాలీయురెథేన్ కాదు, రసాయనికంగా వేరు. అయితే ఇదీ నిర్మాణస్థలంలోనే తయారయ్యేది. రెసిన్, ఆమ్ల ఉత్ప్రేరకం, సంపీడన గాలి కలిపి, క్షవరపు నురుగులాంటి ముద్దను గోడకు వేసిన రంధ్రాలగుండా పంపేవారు. సుమారు లక్ష ఇళ్ళు ఇలా నింపబడ్డాయి.

రెసిన్ పాళ్ళు తప్పినా, పాతబడిన రెసిన్ వాడినా, చలిలోనో వేడిలోనో చేసినా నురుగు సరిగా గట్టిపడదు. మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్ వాయువు ఇంట్లోకి చేరుతుంది. కళ్ళమంటలు, గొంతునొప్పి, తలనొప్పి అంటూ ఫిర్యాదులు మొదలయ్యాయి. అదే సమయంలో అధిక మోతాదులో ఫార్మాల్డిహైడ్ పీల్చిన ఎలుకలకు ముక్కులో క్యాన్సర్ వచ్చిందన్న ప్రయోగశాల ఫలితం వెలువడింది. 1980 డిసెంబరులో కెనడా ఈ నురుగును నిషేధించింది. ప్రభుత్వ సహాయంతో పెట్టించుకున్నదాన్ని ప్రభుత్వమే ప్రమాదకరమన్నది. ఇంటి యజమాని పరిస్థితి ఊహించవచ్చు. జీవితకాలపు పొదుపంతా ఇంట్లో పెట్టిన మధ్యతరగతి కుటుంబం ఆ ఇంట్లో ఉండడానికి జంకింది, అమ్ముదామంటే కొనేవారు లేరు. గోడలు విప్పి నురుగు తీయించడానికి ప్రభుత్వం మళ్ళీ సహాయ పథకం పెట్టవలసి వచ్చింది. ఇంట్లో ఈ నురుగు లేదని అమ్మకందారు హామీ ఇచ్చే నిబంధన ఒంటారియో గృహవిక్రయ ఒప్పందాలలో చేరి, నిషేధం తరువాత దశాబ్దాలు గడిచినా ఉండిపోయింది. అక్కడ ఇల్లు కొన్న తెలుగువారిలో పలువురు ఆ నిబంధన కింద సంతకం చేసే ఉంటారు, అది దేని జాడో తెలియకుండానే.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. అక్కడ వినియోగవస్తు భద్రతా సంఘం 1982లో విధించిన నిషేధాన్ని, ఆధారాలు చాలవంటూ 1983లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం కొట్టివేసింది. కెనడాలోని క్విబెక్‌లో ఇంటి యజమానులు తయారీదారులపైన, ప్రభుత్వంపైన వేసిన దావా ఏళ్ళతరబడి సాగి, ఆ దేశపు సివిల్ విచారణలలో అతి దీర్ఘమైనవాటిలో ఒకటిగా పేరుపొందింది. 1991లో న్యాయమూర్తి రెనే హర్టుబీస్ యజమానుల దావాను తోసిపుచ్చారు. నురుగే వారి అనారోగ్యానికి కారణమని రుజువు కాలేదన్నారు. నురుగు వేసిన కొన్నేళ్ళకు ఆ ఇళ్ళలో ఫార్మాల్డిహైడ్ స్థాయి తక్కిన ఇళ్ళతో సమానంగానే ఉన్నట్లు కొలతలు చూపాయి. కొత్త తివాచీలు, ప్లైవుడ్ సామాను కూడా ఆ వాయువును వెలువరించేవే.

ఈ తీర్పును ఫార్మాల్డిహైడ్ నిరపాయమన్న యోగ్యతాపత్రంగా చదవడం సరికాదు. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. ఈ ఉదంతంలో తేలకుండా మిగిలిన ప్రశ్న బాధ్యతకు సంబంధించింది. రెసిన్ అమ్మినవాడు తన సరుకు మంచిదన్నాడు. పనిచేసినవాడు చెప్పినట్లే చేశానన్నాడు. ప్రభుత్వం తాను ప్రోత్సహించానే గాని పిచికారీ చేయలేదన్నది. లక్ష ఇళ్ళలో లక్ష చిన్న కర్మాగారాలు ఒక్కొక్క రోజు నడిచి మూతపడ్డాయి. వాటిలో ఏది సరిగా నడిచిందో చెప్పే దస్తావేజు లేదు. పాలీయురెథేన్ స్ప్రే ఫోమ్ కెనడా ఇళ్ళలోకి అడుగుపెట్టినపుడు ఈ జ్ఞాపకం దానికంటే ముందే అక్కడ ఉంది. 'ఫోమ్' అన్న ఒక్క మాట రెండింటినీ ఒకే గాటన కట్టింది.

రెజీనా ఇల్లు, గాలి చొరబడని గోడ:
సహాయ పథకం ప్రకటించిన 1977లోనే రెజీనాలో మరొక ప్రయోగం జరిగింది. హెరాల్డ్ ఆర్, రాబ్ డ్యూమాంట్ తదితరులు రూపకల్పన చేసిన సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్‌లో గోడలకు ఆర్-40, పైకప్పుకు ఆర్-60 ఉష్ణనిరోధకత ఏర్పరచారు. పాలిథిన్ పొరను అతుకు అతుకునా జాగ్రత్తగా మూశారు. 50 పాస్కల్ పీడనం వద్ద గంటకు ఇంట్లోని గాలి 0.8 సార్లు మాత్రమే మారింది. సాధారణమైన కొలిమి లేకుండానే ఆ ఇల్లు చలికాలం గడిపింది. వెలుపలికి పోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే ఉష్ణవినిమయ యంత్రాన్ని కూడా అమర్చారు. తరువాతి కాలంలో జర్మనీలో రూపుదిద్దుకున్న పాసివ్‌హౌస్ ఉద్యమం ఈ ఇంటిని తన పూర్వీకులలో ఒకటిగా గుర్తించి, 2015లో హెరాల్డ్ ఆర్‌ను సన్మానించింది.

ఈ ఇంటి గోడలలో స్ప్రే ఫోమ్ లేదు. మందమైన గోడ, చవకైన పాలిథిన్, ఓపికగల చేతులు చాలునని అది చూపింది. స్ప్రే ఫోమ్ లేనిదే చలిదేశంలో మంచి ఇల్లు సాధ్యం కాదన్న వ్యాపార వాదన చరిత్ర ముందు నిలవదు. అయితే ఆ ఓపికే వేలాది ఇళ్ళ స్థాయిలో దొరకని సరుకు. 1982లో మొదలైన ఆర్-2000 కార్యక్రమం కొత్త ఇళ్ళకు 50 పాస్కల్ వద్ద గంటకు 1.5 గాలి మార్పుల పరిమితి విధించినపుడు నిర్మాతలకు కష్టమైన చోట్లు కొన్ని బయటపడ్డాయి. అంతస్తు దూలాల కొసలు గోడను కలిసే చోటు వాటిలో ముఖ్యమైనది. ఒక్కొక్క దూలం మధ్య పాలిథిన్‌ను కత్తిరించి అతికించడం కన్నా, నురుగు పిచికారీ చేస్తే ఉష్ణం, గాలి, ఆవిరి మూడూ ఒకేసారి ఆగుతాయి. 1995 జాతీయ భవన నిబంధనావళి గాలి నిరోధక పదార్థం 75 పాస్కల్ వద్ద చదరపు మీటరుకు సెకనుకు 0.02 లీటరుకు మించి గాలిని పోనీయరాదని చెప్పింది. నురుగు దీనిని సులభంగా అందుకుంది. ఇటుక ముఖభాగం వెనుక కాంక్రీటు దిమ్మెల గోడపై దానిని చల్లే పద్ధతి కెనడా వాణిజ్యభవనాలలో వ్యాపించింది. స్ప్రే ఫోమ్ గెలిచింది ప్రధానంగా గాలిని ఆపే పొరగానే. ఉష్ణబంధకంగా దానికి చవకైన పోటీదారులు ఎప్పుడూ ఉన్నారు.

చేతిపనికి ప్రమాణం:
చలిదేశాలకు పనికొచ్చే ఈ పదార్థానికి చలి అంటే గిట్టదు. గోడ మరీ చల్లగా ఉంటే నురుగు అతుక్కోదు. చెక్క తడిగా ఉంటే ఆ నీరు ఐసోసయనేట్‌తో చర్య జరిపి పాళ్ళు చెడగొడుతుంది. ఒకేసారి మందంగా చల్లితే చర్యలో పుట్టే వేడి బయటకు పోలేక లోపల మాడుతుంది, ఒక్కొక్కసారి మంటే లేస్తుంది. పాళ్ళు తప్పిన నురుగు కుంచించుకుపోయి గుంజలనుంచి విడిపోతుంది, లేదా నెలలపాటు చేపవాసన వేస్తుంది. గోడ మూసేశాక ఇవేవీ కనబడవు.

1990లలో కెనడా జాతీయ ప్రమాణాలు రెండు భాగాలుగా స్థిరపడడం ఈ నేపథ్యంలో గమనించదగినది. ఒక భాగం పదార్థానికి, రెండవది దానిని వేసే పనికి. గాజునూలుకు మొదటిది చాలు. స్ప్రే ఫోమ్‌కు రెండవదే ప్రాణం. పనివాడు శిక్షణపొంది గుర్తింపుపత్రం కలిగి ఉండాలి; ఒక్కొక్క పొర మందం 50 మిల్లీమీటర్లు మించకూడదు; గోడ ఉష్ణోగ్రత, నురుగు సాంద్రత, అతుకు బలం పరీక్షించి ఏ రోజుకారోజు నమోదు చేయాలి. యూరియా ఫార్మాల్డిహైడ్ ఇళ్ళకు లేకపోయిన దస్తావేజు ఇదే.

ఐసోసయనేట్ అన్న మాట వినగానే భారతీయ పాఠకునికి 1984 డిసెంబరు నాటి భోపాల్ గుర్తుకు రావడం సహజం. అక్కడ వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ 39 డిగ్రీలకే మరిగే చిన్న అణువు. స్ప్రే ఫోమ్‌లో వాడే ఎం.డి.ఐ. బరువైనది, గది ఉష్ణోగ్రతలో చాలా తక్కువగా ఆవిరవుతుంది. రెండింటినీ ఒకటిగా భావించరాదు. అయినా వేడిచేసి తుంపరగా చల్లినపుడు ఎం.డి.ఐ. ఊపిరితిత్తులలోకి పోతుంది; ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తరువాత అతిస్వల్ప మోతాదుకే ఉబ్బసం వస్తుంది. తాజా గాలి అందించే ముఖకవచం లేకుండా ఈ పని చేయకూడదు. చల్లిన తరువాత గాలి మార్చి, నిర్దేశించిన వ్యవధి గడిచేదాకా ఇంట్లోకి ఎవరూ రాకూడదన్న నియమమూ ఉంది. ఇంటివారి ఆరోగ్యం గురించి న్యాయస్థానాలలో జరిగినంత చర్చ పిచికారీ కూలీ ఊపిరి గురించి జరగలేదన్నది గుర్తించవలసిన విషయం.

బుడగలోని వాయువు:
1974లో మోలినా, రౌలాండ్‌లు సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను హరిస్తాయని చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. నురుగు పరిశ్రమ సీఎఫ్‌సీ-11 నుంచి హెచ్‌సీఎఫ్‌సీ-141బీకి, అక్కడినుంచి 2000లలో హెచ్‌ఎఫ్‌సీ-245ఎఫ్‌ఏకి మారింది. చివరిది ఓజోన్‌కు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు వెయ్యి రెట్లు. ఇంధనం ఆదాచేసి వాతావరణాన్ని కాపాడేందుకు వేసే పొరలోనే అంతటి వాయువు ఉండడం చిక్కైన లెక్క. 2016లో కిగాలీ సవరణ వచ్చింది. 2021 జనవరి 1 నుంచి భూతాపన సూచిక 150 దాటిన హెచ్‌ఎఫ్‌సీలతో చేసిన నురుగులను కెనడా నిషేధించగా, హెచ్‌ఎఫ్‌ఓలనే కొత్త వాయువులు వాటి స్థానంలోకి వచ్చాయి.

ఈ మార్పుల మధ్య ఒక దొంగతనమూ పట్టుబడింది. 2010 నాటికి ప్రపంచమంతటా ఉత్పత్తి ఆగిపోవలసిన సీఎఫ్‌సీ-11 గాలిలో అనుకున్నంత వేగంగా తగ్గడం లేదని, 2012 తరువాత ఎవరో దానిని మళ్ళీ వదులుతున్నారని 2018లో స్టీఫెన్ మాంట్జ్‌కా బృందం నేచర్ పత్రికలో ప్రకటించింది. దక్షిణ కొరియాలోని గోసాన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల కొలతలను విశ్లేషించిన మరొక బృందం 2019లో ఆ పెరుగుదలలో 40 నుంచి 60 శాతం తూర్పు చైనా నుంచి, ముఖ్యంగా షాన్‌డాంగ్, హెబెయ్ రాష్ట్రాల ప్రాంతం నుంచి వస్తోందని చూపింది. ఉష్ణబంధక నురుగు తయారీలో చవకగా దొరికే ఈ పాత వాయువును వాడుతున్నారన్నది ప్రధాన వివరణ. తనిఖీలు బిగిశాక ఉద్గారాలు తిరిగి తగ్గుముఖం పట్టాయి.

చట్టబద్ధంగా వాడిన వాయువు మాట మిగిలే ఉంది. నిషేధానికి ముందు కట్టిన భవనాల పైకప్పులలో, గోడలలో, పారవేయబడ్డ రిఫ్రిజిరేటర్లలో సీఎఫ్‌సీ-11 ఇప్పటికీ బుడగలలో చిక్కుకుని ఉంది. కొద్దికొద్దిగా కారుతూ ఉంది. దానిని శాస్త్రజ్ఞులు 'నిల్వ' అంటారు. గాలిలోకి చేరిన అణువు సగటున యాభై ఏళ్ళకు పైగా నిలుస్తుంది. 1960లు, 70లలో కట్టిన ఆ భవనాలు ఇప్పుడు ఒక్కొక్కటిగా కూల్చివేతకు వస్తున్నాయి. రిఫ్రిజిరేటర్ తలుపును యంత్రంలో నలిపి వాయువును పట్టుకోవచ్చు. గోడకు అతుక్కుపోయిన నురుగును ఇటుకనుంచి విడదీయడం అంత తేలిక కాదు. చాలాచోట్ల అది శిథిలాలతోపాటే ముక్కలై, చెత్తదిబ్బలోకి పోతుంది.